హెడ్డు దించి ఎక్కించాక టైమింగ్ కలపడం: పికప్ డీజిల్ ఇంజిన్‌కు మొదటి నుంచి చివరిదాకా

ఎండాకాలం మొదలైందంటే మా షెడ్డు ముందుకు తాడు కట్టి లాక్కొచ్చే పికప్‌లు ఎక్కువవుతాయి. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద లోడుతో వస్తూ, హీట్ ముల్లు ఎర్రగీత దాటినా "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని తోలినవే చాలావరకు. రేడియేటర్ మూత తీస్తే లోపల తెల్లటి సున్నం పేరుకుని ఉంటుంది. సముద్రం పక్క పల్లెల్లో బోరు నీళ్ళు ఉప్పు, కనిగిరి వైపు పోతే గట్టినీళ్ళు. కూలెంట్ బదులు ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి పోస్తే ఇంజిన్‌లో నీటిదారులు పూడుకుపోతాయి. ఇంజిన్ కాగుతుంది, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది, ఇంజిన్ పైన మూతలా కూర్చునే ఆ హెడ్డు వంగుతుంది. అక్కడి నుంచి హెడ్డు దించడం, లేత్‌లో ఫేసింగ్ కొట్టించి అడుగు చదును చేయించడం, వాల్వులు నూరడం అన్నీ మామూలే. ఆ పనులు ఓ మోస్తరుగా అందరూ చేస్తారు. హెడ్డు తిరిగి ఎక్కాక టైమింగ్ కలిపే దగ్గరే బండ్లు చెడిపోతాయి.

ముందు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట విడవలూరు వైపు రొయ్యల లోడుకు తిరిగే పికప్ ఒకటి వచ్చింది. బెల్టు టైమింగ్ ఇంజిన్. రాత్రి పదకొండయింది, డ్రైవరు పక్కనే నిలబడి "అన్నా, తెల్లారి మూడింటికి పట్టుబడి ఉంది, ఐసు కూడా చెప్పేశాం" అంటున్నాడు. బెల్టు వేశాను, మార్కులు కంటికి కలిశాయి, బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్ బిగించాను, సెల్ఫ్ కొట్టాను. "టక్" అని ఒక్క చప్పుడు. ఇంజిన్ సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. కలిశాయనుకున్న మార్కుల్లో ఒకటి అసలు మార్కే కాదు, పుల్లీ పోతపోసినప్పటి గీత. వాల్వులు వంగాయి, హెడ్డు మళ్ళీ దిగింది, ఖర్చు నాది. ఆ రాత్రి రొయ్యలు వేరే బండిలో పోయాయి. అప్పటి నుంచి చేత్తో రెండు చుట్లు తిప్పకుండా సెల్ఫ్ తాళం ముట్టుకోలేదు. కింద రాసేదంతా ఆ రెండు చుట్ల చుట్టూనే తిరుగుతుంది.

టైమింగ్ అంటే లోపల జరిగేది

మన పికప్‌లలో ఎక్కువ నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజిన్లు. పిస్టన్లను ఆడించే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. నాజిళ్ళకు డీజిల్ తోసే పాత రకం ఇంజక్షన్ పంపు ఉంటే అదీ క్యామ్ లాగే ఒక చుట్టు. ఈ మూడింటికీ మధ్య పొత్తు తప్పకూడదు. పిస్టన్ పైకి వచ్చేసరికి వాల్వు మూసుకోవాలి, గాలి బాగా నలిగి వేడెక్కిన సరైన క్షణంలో నాజిల్ డీజిల్ చల్లాలి. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ టాప్‌కు, అంటే పూర్తిగా పైకి, వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య మిగిలే సందు సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే. అక్కడ వాల్వు తెరుచుకుని ఉంటే పిస్టన్ దాన్ని కొట్టకుండా ఎలా ఉంటుంది?

నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లలో డీజిల్ మండే వరస, చాలావరకు 1-3-4-2. దీన్ని గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి, ముందు ముందు అక్కరకొస్తుంది.

మీ ఇంజిన్‌లో టైమింగ్ అసలు కదిలిందా?

ఇది ఎవరూ అడగని ప్రశ్న. క్యామ్ షాఫ్టు బ్లాకులో ఉండి, పుష్‌రాడ్లనే పొడుగు కడ్డీలతో, వాల్వులను నొక్కే రాకర్లను లేపే ఇంజిన్లలో టైమింగ్ గేర్లు ముందు కవర్ లోపల ఉంటాయి. అలాంటి ఇంజిన్‌లో హెడ్డు దించితే క్యామ్‌కూ క్రాంక్‌కూ ఉన్న పొత్తు ఇసుమంత కూడా చెదరదు. రాకర్ షాఫ్టు ఊడదీస్తాం, పుష్‌రాడ్లు బయటికి లాగుతాం, అంతే. అయినా "హెడ్డు పని కదా, టైమింగ్ కూడా చూద్దాం" అని ముందు కవర్ విప్పి, లేని తలనొప్పి తెచ్చుకున్నవాళ్ళను చూశాను. ఆ రకం ఇంజిన్‌కు మీరు చేయాల్సింది టాపెట్ క్లియరెన్స్ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు), పంపు కదిపి ఉంటే పంపు టైమింగ్. పుష్‌రాడ్లు ఏ గుంతలోది ఆ గుంతలోనే వేయాలి. అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి, నంబర్లు రాసి, వాటిలో గుచ్చి పెడితే కలగాపులగం కావు.

క్యామ్ హెడ్డు మీదే ఉండే ఇంజిన్లలో మాత్రం బెల్టు గానీ చైను గానీ విప్పకుండా హెడ్డు రాదు. అంటే టైమింగ్ తప్పకుండా కదులుతుంది. మీది ఏ రకమో ఆ బండి మాన్యువల్‌లో చూసుకోండి. టార్క్ లెక్కలు, టాపెట్ సందులు, పంపు కొలత కూడా అందులోవే తీసుకోవాలి. పక్క షెడ్డు మేస్త్రి నోటిమాట మీద పోవద్దు. పేరు ఒకటే ఉన్న బండికి ఏడాది మారితే ఇంజిన్ మారిన సందర్భాలున్నాయి.

విప్పకముందే సగం పని

బెల్టు విప్పేముందు మొదటి సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోకులో, అంటే గాలి నలిగే స్ట్రోకులో, టాప్‌కు తెండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి, ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పాలి. క్రాంక్ పుల్లీ మార్కు సూచికకు కలిసినంత మాత్రాన చాలదు. ఆ మార్కు ప్రతి చుట్టుకూ ఒకసారి కలుస్తుంది, అంటే కంప్రెషన్ చివర ఒకసారి, ఎగ్జాస్ట్ చివర ఒకసారి. ఏది ఏదో తేల్చుకోవడానికి నాలుగో సిలిండర్ వాల్వులు చూడండి. అక్కడ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్‌లెట్ వాల్వు అప్పుడే తెరుచుకుంటూ రెండు రాకర్లూ త్రాసులాగా ఊగుతుంటే మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నట్టు. ఒకటో నంబరు రాకర్లు చేత్తో కదిపితే కొంచెం లూజుగా ఆడాలి.

ఇప్పుడు రంగు తీసుకోండి. మా షెడ్డులో ఇంటి ఆడవాళ్ళు వాడి వదిలేసిన గోళ్ళరంగు సీసా ఒకటుంటుంది. ఆయిల్ తుడిచిన పుల్లీ మీద అది అంటుకుంటే కిరోసిన్ పోసి కడిగినా తొందరగా పోదు. క్యామ్ పుల్లీకీ హెడ్డుకూ కలిపి ఒక గీత, పంపు పుల్లీకీ బ్రాకెట్‌కూ ఒక గీత, క్రాంక్ గేరుకూ బ్లాకుకూ ఒక గీత. పాత బెల్టే మళ్ళీ వేయకపోయినా దాని మీద కూడా ఆ మూడు చోట్లా చుక్కలు పెట్టండి. చుక్కకూ చుక్కకూ మధ్య ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. కొత్త బెల్టు వేసేటప్పుడు ఆ లెక్కే సాక్ష్యం. ఫోన్‌లో ఫొటో కూడా తీయండి గానీ ఫొటోను నమ్ముకోవద్దు. కెమెరా ఏటవాలుగా పట్టుకుంటే ఒక పన్ను తేడా కూడా కలిసినట్టే కనపడుతుంది.

పంపు పట్టు విప్పే పని ఉంటే, పంపు ఫ్లాంజికీ ఇంజిన్‌కూ కలిపి ఉలితో సన్నగా ఒక గీత గీయండి. తర్వాత గంట పని తగ్గుతుంది.

హెడ్డు లేత్‌లో ఉండగా

ఈ రెండు రోజులూ ఊరికే కూర్చోకండి. పిస్టన్ కళ్ళెదుట కనపడేది ఇప్పుడే. పుల్లీ మీది మార్కు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. చాలా క్రాంక్ పుల్లీల్లో లోపలి బొడ్డుకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది, కుదుపు తగ్గడానికి. బండి పాతబడ్డాక రబ్బరు పట్టు వదిలి బయటి రింగు కాస్త జారుతుంది. మార్కు ఆ రింగు మీద ఉంటే అది చూపించే టాప్ అబద్ధం.

పరీక్ష ఇలా. ఒకటో పిస్టన్ మీద, కదలికను ముల్లుతో కొలిచి చూపించే డయల్ గేజ్ నిలబెట్టండి. పిస్టన్ పైకి వచ్చి ఆగిన చోటే టాప్ అనుకుంటే పొరపాటు. టాప్ దగ్గర పిస్టన్ చాలాసేపు కదలనట్టే ఉంటుంది. 100 మిల్లీమీటర్ల స్ట్రోకున్న ఇంజిన్‌లో క్రాంక్ టాప్ నుంచి 5 డిగ్రీలు తప్పినా పిస్టన్ దిగేది దాదాపు పావు మిల్లీమీటరే. కంటికి ఏం తెలుస్తుంది? అందుకని టాప్‌కు ముందు పిస్టన్ 2 మిల్లీమీటర్లు కిందున్నప్పుడు పుల్లీ మీద ఒక గీత పెట్టండి. టాప్ దాటించి, అవతల మళ్ళీ సరిగ్గా 2 మిల్లీమీటర్లు దిగినప్పుడు ఇంకో గీత. ఆ రెండు గీతలకూ సరిగ్గా నడుమ ఉన్నదే అసలైన టాప్. కంపెనీ మార్కు అక్కడే ఉంటే సంతోషం. లేకపోతే పుల్లీ మార్చండి, డబ్బుల్లేవంటే కనీసం కొత్త మార్కు ఉలితో కొట్టుకోండి. పిస్టన్ ఆడే గొట్టాలు, అంటే లైనర్లు, విడిగా ఉండే ఇంజిన్ అయితే తిప్పేటప్పుడు లైనర్ లేవకుండా వాషర్లతో బిగించి పెట్టుకోవాలి. ఈ ముక్క మర్చిపోయి లైనర్ కింద సీలు కోసుకున్నవాళ్ళు తర్వాత ఆయిల్లో నీళ్ళొచ్చాయని వస్తారు.

ఫేసింగ్ గురించి కూడా ఒక మాట. లేత్ షాపు అతనికి "శుభ్రంగా వచ్చేదాకా కొట్టు" అని చెప్పి రావద్దు. ఎంత తీశాడో వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. ఎక్కువ తీస్తే హెడ్డు కిందికి దిగుతుంది, వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. బెల్టు ఇంజిన్‌లో క్యామ్ కూడా క్రాంక్‌కు ఆ మేరకు దగ్గరై టైమింగ్ పిసరంత వెనక్కి పోతుంది. కొన్ని ఇంజిన్లకు గ్యాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయి. అంచున ఉన్న గాట్లో చిల్లులో లెక్కపెడితే మందం తెలుస్తుంది. పాత గ్యాస్కెట్ అంచు చూడకుండా చెత్తలో వేయకండి. ఫేసింగ్ పరిమితి దాటిన హెడ్డు అయితే దాన్ని వదిలేయడమే మేలు, ఎన్ని తంటాలు పడ్డా ఏడాది తిరక్కుండా మళ్ళీ వస్తుంది.

బ్లాకులో హెడ్డు బోల్టు గుంతల్లో ఆయిల్, నీళ్ళు లేకుండా గాలి కొట్టి, గుడ్డతో ఆరబెట్టండి. గుంతలో ద్రవం ఉండిపోతే బోల్టు దిగేకొద్దీ దానికి పోయే దారి ఉండదు, బ్లాకు పగులుతుంది. టార్క్ రెంచ్ కూడా తప్పు చూపిస్తుంది.

హెడ్డు ఎక్కించడం

క్యామ్ హెడ్డు మీదున్న ఇంజిన్ అయితే, ఎక్కించేముందు క్రాంక్‌ను ఒకటో సిలిండర్ టాప్ నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పి ఉంచండి. అప్పుడు నాలుగు పిస్టన్లూ సగం కిందికి ఉంటాయి, తెరుచుకున్న వాల్వు దేనికీ తగలదు. హెడ్డు ఎక్కి, బోల్టులు బిగిసి, క్యామ్ పుల్లీని దాని మార్కుకు తెచ్చాక క్రాంక్‌ను ఎంత వెనక్కి తిప్పారో అంతే ముందుకు తిప్పి టాప్‌కు తెండి. రెండో వైపు నుంచి తేవాలని చూడొద్దు. అలా చేస్తే ముందు రెండు, మూడు నంబర్ల పిస్టన్లు పైకి వచ్చి తెరిచున్న వాల్వులకు కొట్టుకుంటాయి.

మాన్యువల్ వేరే పద్ధతి చెబితే దాని ప్రకారమే చేయండి.

బోల్టులు నడుమ నుంచి మొదలుపెట్టి చుట్టూ బయటికి పోతూ, మూడు నాలుగు విడతల్లో బిగించాలి. చివర డిగ్రీల లెక్కన తిప్పే రకం బోల్టులైతే అవి సాగుతాయి, కాబట్టి కొత్తవే వేయాలి. ఈ భాగం చాలామందికి తెలిసిందే, ఆగకుండా ముందుకు పోదాం.

బెల్టు వేయడం

బెల్టు పాతదే వేద్దామా అని అడగొద్దు. హెడ్డు పనికి వేలు ఖర్చు పెట్టి బెల్టు దగ్గర పిసినారితనం చేస్తే అది తెగిన రోజు హెడ్డు మళ్ళీ పోతుంది. టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టండి. ఇసుక రాచుకున్న చప్పుడు వస్తే మార్చండి. వాటర్ పంపు ఈ బెల్టు మీదే తిరిగే ఇంజిన్ అయితే అదీ ఇప్పుడే చూసుకోవాలి.

మూడు పుల్లీల మార్కులూ కలిసి ఉన్నాయి కదా, బెల్టును క్రాంక్ దగ్గర మొదలుపెట్టండి. టెన్షనర్ లేని వైపున, అంటే క్రాంక్ బెల్టును లాగే వైపున, కొంచెం కూడా వదులు లేకుండా పంపు మీదుగా క్యామ్ దాకా పోనివ్వండి. ఉన్న వదులంతా టెన్షనర్ వైపుకే రావాలి. నూటికి తొంభై తప్పులు ఇక్కడే జరుగుతాయి. లాగే వైపు కొంచెం వదులు వదిలి బెల్టు వేస్తారు, మార్కులు కలిసినట్టే ఉంటాయి, టెన్షనర్ బిగించి తిప్పగానే ఆ వదులు లాక్కుపోయి క్యామ్ ఒక పన్ను తప్పుతుంది.

ఒక పన్ను అంటే ఎంత? లెక్క వేసి చూడండి. క్యామ్ పుల్లీకి 40 పళ్ళు, క్రాంక్ గేరుకు 20 పళ్ళు ఉన్నాయనుకుందాం. క్యామ్ మీద ఒక పన్ను అంటే 360లో 40వ వంతు, 9 డిగ్రీలు. క్రాంక్ రెట్టింపు తిరుగుతుంది కనుక అది క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. ఒక్క పన్ను తేడాతో ఇంజిన్ స్టార్ట్ అయినా కావచ్చు, అదే అసలు చిక్కు. స్టార్ట్ అవుతుంది, కూర్చున్నట్టు నడుస్తుంది, లోడు లాగదు, నెలరోజుల పాటు యజమాని "డీజిల్‌లో కల్తీ" అనుకుంటూ తిరుగుతాడు.

బెల్టును మెలితిప్పకూడదు, పానా పెట్టి పొడిచి ఎక్కించకూడదు, ఆయిల్ చెయ్యి తగలనివ్వకూడదు. ముందు లెక్కపెట్టి రాసుకున్న పళ్ళ సంఖ్యతో సరిచూసుకుని, ఆ తర్వాతే టెన్షనర్ వదలండి.

గేర్ల ఇంజిన్ కవర్ ఎందుకో విప్పాల్సి వస్తే, గేర్ల మీద చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా కూర్చోవాలి. ఒక చుక్క ఉన్న పన్ను రెండు చుక్కల మధ్య దూరుతుంది. అక్కడ వదులు అంటూ ఏమీ ఉండదు, కాబట్టి తప్పూ తక్కువ.

రెండు చుట్లు

ఇంక అసలు పని. నాజిళ్ళు గానీ గ్లో ప్లగ్గులు గానీ వేయకముందే తిప్పితే కంప్రెషన్ ఉండదు, చేతికి హాయిగా తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోండి. పొడుగు పానా వద్దు, మామూలు రాచెట్ చాలు. పొడుగు పానాకు బలం ఎక్కువ, చేతికి కబురు తక్కువ.

నెమ్మదిగా, ఇంజిన్ తిరిగే దిశలోనే, రెండు చుట్లు పూర్తిగా తిప్పండి. ఒక చుట్టు చాలదు. క్యామ్ అప్పటికి సగమే తిరుగుతుంది, సగం వాల్వుల సంగతి తెలియదు. తిప్పుతుంటే చేతికి రెండు రకాల బరువు తెలుస్తుంది. వాల్వు స్ప్రింగు బరువు మెత్తగా ఉంటుంది, ఎక్కి దిగినట్టు వచ్చి, దాటగానే చేతిని కొంచెం ముందుకు తోస్తుంది. నాజిళ్ళు బిగించి ఉంటే కంప్రెషన్ కూడా తగులుతుంది. అది గాలి దిండు మీద చెయ్యి పెట్టినట్టు ఆనుతుంది, కాసేపు అలాగే పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంది. ఇనుము ఇనుముకు తగిలితే అలా ఉండదు. గోడకు కొట్టుకున్నట్టు ఒక్కసారిగా ఆగుతుంది, ఎంతసేపు పట్టుకున్నా దిగదు. అక్కడ ఇంకొంచెం బలం పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పానా వదిలేయండి. వెనక్కి కొంచెం తిప్పి, బెల్టు తీసి, మొదటి నుంచి చూడండి. చేత్తో తగిలిన వాల్వు వంగదు, సెల్ఫ్‌తో తగిలిన వాల్వు మిగలదు.

రెండు చుట్లయ్యాక పుల్లీల మార్కులు మళ్ళీ ఇంజిన్ మీది మార్కులకు కలవాలి. వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా, సూటిగా. టెన్షనర్ ఇంకోసారి చూసి, ఇంకో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ చూడండి. ఇక్కడ ఒక విషయం కొత్తవాళ్ళను కంగారు పెడుతుంది. బెల్టు మీద మీరు పెట్టిన చుక్కలు రెండు చుట్ల తర్వాత పుల్లీలకు కలవవు. బెల్టు పళ్ళ సంఖ్య వేరు కనుక అది ఎప్పుడో చాలా చుట్ల తర్వాత గానీ మొదటి చోటికి రాదు. గేర్ల ఇంజిన్‌లో మధ్యలో ఉండే ఐడ్లర్ గేరు చుక్క కూడా అంతే. ఇది తెలియక కలిసిన టైమింగ్‌ను మళ్ళీ విప్పినవాళ్ళున్నారు. బెల్టు చుక్కలు వేసేటప్పటికి మాత్రమే, సరిచూసేటప్పుడు పుల్లీకీ ఇంజిన్‌కూ ఉన్న మార్కులే.

చివరగా మార్కులన్నీ మర్చిపోయి వాల్వులు చూడండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టాప్‌లో ఉండగా నాలుగో సిలిండర్ రాకర్లు త్రాసులా ఊగాలి. క్రాంక్‌ను ఇటు కొంచెం, అటు కొంచెం కదిపితే ఒకసారి ఎగ్జాస్ట్, ఒకసారి ఇన్‌లెట్ నొక్కుకోవాలి. మార్కులు అబద్ధమాడినా వాల్వులు ఆడవు.

టాపెట్

టాపెట్ సందు ఇప్పుడు పెట్టండి, చల్లటి ఇంజిన్‌కా వేడి ఇంజిన్‌కా అనేది మాన్యువల్ చెబుతుంది. చాలా డీజిళ్ళలో 0.20 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ఇన్‌లెట్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి వేరుగా ఉండొచ్చు. గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క ఉంది: ఊగే సిలిండర్ నంబరూ, సందు పెట్టే సిలిండర్ నంబరూ కలిపితే అయిదు రావాలి. నాలుగు ఊగుతుంటే ఒకటికి పెట్టండి. అర చుట్టు తిప్పితే రెండు ఊగుతుంది, మూడుకు పెట్టండి. ఇంకో అర చుట్టుకు ఒకటి ఊగుతుంది, నాలుగుకు. ఇంకో అర చుట్టుకు మూడు ఊగుతుంది, రెండుకు. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు లాగితే పచ్చడి జాడీ మీది గుడ్డ జారినట్టు బిర్రుగా జారాలి. టకటకలాడినా, ఇరుక్కుపోయినా తప్పే. లాక్ నట్టు బిగించాక మళ్ళీ చూడండి, బిగింపులో సందు మారుతుంది.

సందు మరీ తక్కువ పెడితే చప్పుడు రాదు కాబట్టి బాగుందనుకుంటాం. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూయక కాలిపోతుంది. కొంచెం చప్పుడున్న ఇంజినే నయం.

పంపు టైమింగ్

పంపు విప్పకపోతే, పుల్లీ పన్ను తప్పకపోతే, దీన్ని ముట్టుకోకండి. విప్పి ఉంటే ముందు గీసుకున్న గీతకు గీత కలపండి, సగం గెలిచినట్టే. తర్వాత పద్ధతి పంపు రకాన్ని బట్టి. రోటరీ పంపు అయితే వెనక మూత బోల్టు తీసి డయల్ గేజ్ పెట్టి, టాప్ దగ్గర ప్లంజర్ ఎంత లేచిందో మిల్లీమీటర్లలో చూస్తారు. వరస పంపు అయితే ఒకటో డెలివరీ వాల్వు తీసి, వంపు గొట్టం పెట్టి, క్రాంక్‌ను తిప్పుతూ డీజిల్ చుక్క ఆగే చోటు చూస్తారు. ఆ చోటు టాప్‌కు ఎన్ని డిగ్రీల ముందుండాలో మాన్యువల్‌లో ఉంటుంది.

పంపు బాడీని దాని షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది, అంటే డీజిల్ ముందే పడుతుంది; అదే దిశలో తిప్పితే వెనక్కి పోతుంది. మిల్లీమీటరు కదిపినా తేడా తెలుస్తుంది, అందుకే గుప్పెడు తిప్పకండి.

కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ ఎప్పుడు చల్లాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ చెప్పిన దాన్ని బట్టి లెక్క వేస్తుంది. బెల్టు ఒక పన్ను తప్పితే ఆ రెండు సెన్సర్ల మాట పొసగదు. స్టార్ట్ ఆలస్యమవుతుంది, డ్యాష్ మీద ఇంజిన్ లైటు వెలగొచ్చు. అక్కడ పంపు తిప్పి సరిచేయడం ఉండదు, బెల్టే మళ్ళీ చూడాలి. ఇంకోటి, ఈ ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి మిస్సింగ్ వెతికే పాత అలవాటు మానుకోండి. అందులో ప్రెషర్‌కు డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

స్టార్ట్ చేయడం

నాజిళ్ళ కింద రాగి వాషర్లు కొత్తవి వేశారా? ఆయిల్, కూలెంట్ నింపారా? పాత రకం పంపు అయితే ఇంజిన్ స్టార్ట్ కాకుండా డీజిల్ ఆపే స్టాప్ సోలినాయిడ్ వైరు ఊడదీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో విడతలు విడతలుగా తిప్పండి. ఈ చప్పుడు జాగ్రత్తగా వినండి. నాలుగు సిలిండర్లూ ఒకే తూకంలో నలుగుతుంటే సెల్ఫ్ ఒకే లయలో మూలుగుతుంది. ఒక చోట తేలిగ్గా పరిగెత్తి, ఒక చోట కుంటితే ఏదో వాల్వు మూయడం లేదు. అక్కడే ఆగి చూసుకోండి. తర్వాత వైరు పెట్టి, డీజిల్ పైపుల్లో గాలి తీసి, స్టార్ట్ చేయండి.

స్టార్ట్ అయ్యాక రేసు పెంచకండి. మొదటి అయిదు నిమిషాలు వెనక పొగ, ముందు చప్పుడు చూడటమే పని. టైమింగ్ ముందుకు పోతే ఇనప రేకు మీద సుత్తితో కొట్టినట్టు గట్టి నాకింగ్ వస్తుంది. వెనక్కి పోతే చప్పుడు మెత్తగా, వినడానికి బాగానే ఉంటుంది. కానీ కళ్ళు మండే తెల్లపొగ వస్తుంది, లాగదు, తొందరగా వేడెక్కుతుంది. తెల్లపొగకు తియ్యటి వాసన ఉండి, రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే అది టైమింగ్ కాదు, గ్యాస్కెట్ దగ్గర నీళ్ళు పోతున్నాయి. నల్లపొగ చూసి వెంటనే పంపు మీద పడొద్దు, ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపు క్లిప్పు చూడండి. నాలుగింట మూడు సార్లు క్లిప్పు వేయడం మర్చిపోయి ఉంటారు. మా కుర్రాళ్ళకు నేను చెప్పని రోజు లేదు.

ఖాళీ బండిని ఊరి చుట్టూ తిప్పి సరే అనడం పరీక్ష కాదు. ఓ టన్ను లోడుతో హైవే ఫ్లైఓవర్ ఎక్కించండి, పై గేరులో లాగుతుందో లేదో తెలుస్తుంది. మార్కాపురం వైపు వాళ్ళకు దోర్నాల దాటాక శ్రీశైలం ఘాటు ఉండనే ఉంది. ఎక్కేటప్పుడు హీట్ ముల్లు నడుమనే నిలబడి, దిగాక వెనక గొట్టంలో వేలు పెడితే పొడి మసి అంటుకుంటే మీ పని బాగున్నట్టు. తడిగా జిడ్డుగా ఉంటే పంపు ఇంకోసారి చూడండి.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బండి వెనక్కి రావాలి. టాపెట్లు మళ్ళీ చూడాలి, మాన్యువల్ చెబితే హెడ్డు బోల్టులు కూడా. ఎవరూ తీసుకురారు, అందుకే బిల్లు ఇచ్చేటప్పుడు ఫోన్ నంబరు తీసుకుని మా కుర్రాడి చేత ఫోన్ చేయిస్తాను. బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో మూడు ముక్కలు రాస్తాను: బెల్టు వేసిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, గ్యాస్కెట్ ఎన్ని గాట్లది. తర్వాత ఆ బండి ఏ షెడ్డుకు పోయినా అక్కడి మేస్త్రి బానెట్ ఎత్తగానే కనపడుతుంది.